రెంకోజీ అస్థికల గొడవ: ముడి పడింది 1956లో

నేతాజీ అస్థికలను టోక్యోలోని రెంకోజీ బౌద్ధ ఆలయం నుంచి తెప్పించాలన్న మాట మళ్లీ పైకొచ్చింది. తండ్రిని సొంతగడ్డకు చేర్చమని కూతురు అనితా బోస్ ఫాఫ్ అడుగుతున్నారు. అవి ఆయనవి కానే కావంటూ బోస్ కుటుంబంలోనే కొందరు, వాళ్లతోపాటు ఎందరో అభిమానులు అడ్డం తిరుగుతున్నారు. 1945 ఆగస్టు 18న తైహోకులో, అంటే ఇప్పటి తైపీలో విమానం కూలి ఆయన చనిపోయారన్న కథ అందరికీ తెలిసిందే. దాని మీద పంచాయితీ ఇన్నేళ్లయినా ఎందుకు తెగలేదో అర్థం కావాలంటే మాత్రం 1956కు వెళ్లాలి.

ఆ ఏడాది నెహ్రూ ప్రభుత్వం ముగ్గురితో ఒక కమిటీ వేసింది. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో పనిచేసిన షానవాజ్ ఖాన్ దానికి అధ్యక్షుడు. ఐసీఎస్ అధికారి ఎస్.ఎన్. మైత్రా ఒక సభ్యుడు. మూడో మనిషి సురేశ్‌చంద్ర బోస్, నేతాజీ సొంత అన్న. అప్పటికి ఘటన జరిగి పదకొండేళ్లే. అదే విమానంలో ప్రయాణించి కాలిన గాయాలతో బయటపడ్డ హబీబుర్ రెహ్మాన్ బతికే ఉన్నారు. ఆసుపత్రిలో వైద్యం చేసిన డాక్టర్ యోషిమి ఉన్నారు. మొత్తం 67 మంది చెప్పింది విన్నారు. తైవాన్‌కు మాత్రం వెళ్లలేదు. అక్కడి ప్రభుత్వంతో మనకు దౌత్య సంబంధాలు లేవన్నది కారణం. విమానం కూలిన చోటును, చనిపోయారంటున్న ఆసుపత్రిని, దహనం చేశారంటున్న ఊరిని చూడకుండానే విచారణ ముగిసింది. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరిగింది.

నేతాజీ ఆ ప్రమాదంలోనే చనిపోయారంటూ, ప్రధాన అంశాలపై జులైలో తయారైన ముసాయిదా మీద సురేశ్‌చంద్ర కూడా సంతకం పెట్టారు. తుది నివేదిక దగ్గరకొచ్చేసరికి వెనక్కి తగ్గారు. సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని, తనమీద ఒత్తిడి తెచ్చారని చెప్పి, తమ్ముడు ఆ ప్రమాదంలో చనిపోలేదంటూ విడిగా నివేదిక రాశారు. వివరాల్లో తేడాలున్న మాట నిజం. పదకొండేళ్ల తర్వాత గుర్తు చేసుకుంటే తేడాలు రాకుండా ఎలా ఉంటాయని మిగతా ఇద్దరూ అనుకున్నారు. అన్నగారికి అవే అబద్ధానికి రుజువుగా కనిపించాయి. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. శవాన్ని కళ్లారా చూడని ఇంట్లో ఎవరికైనా నమ్మకం అంత తేలిగ్గా కుదరదు.

పైగా ఆ ఇంటి మీద నిఘా ఉండేదని తర్వాత బయటపడింది. నేతాజీ మరో అన్న శరత్‌చంద్ర కొడుకులు శిశిర్, అమియనాథ్‌ల ఉత్తరాలను 1948 నుంచి 1968 దాకా ఇంటెలిజెన్స్ బ్యూరో విప్పి చదివిందని 2015లో వెలుగుచూసిన ఫైళ్లలో ఉంది. అంటే షానవాజ్ కమిటీ కూర్చున్న రోజుల్లోనూ అది నడుస్తూనే ఉంది. చనిపోయాడని చెప్పిన ప్రభుత్వమే ఇంట్లోవాళ్ల ఉత్తరాలు చదువుతుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు?

1974లో ఖోస్లా కమిషన్ ప్రమాదం నిజమేనంది. తర్వాత వచ్చిన ముఖర్జీ కమిషన్ కాదంది. ఆ రోజు విమానం కూలినట్టు రికార్డు లేదని తైవాన్ చెప్పిన మాటను అది లెక్కలోకి తీసుకుంది. నేతాజీ చనిపోయారు కానీ ఆ ప్రమాదంలో కాదు, రెంకోజీ ఆలయంలోని అస్థికలు ఆయనవి కావు అని తేల్చింది. 2006 మేలో ఆ నివేదికను పార్లమెంటు ముందు పెట్టిన ప్రభుత్వమే దాన్ని అంగీకరించడం లేదని చెప్పేసింది.

ఇప్పటి గొడవకు ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. అస్థికలకు డీఎన్ఏ పరీక్ష చేయలేకపోవడానికి ఆలయం వైపు నుంచి సహకారం అందకపోవడమే కారణమని కమిషన్ రాసింది. అదే నివేదిక అనుబంధాల్లోని కాగితాలు చూస్తే ఆలయ పూజారి, జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నట్టే ఉందని అనిత అంటున్నారు. ఆమె కోరిక కూడా పరీక్ష జరగాలనే. ఎముకల్లో డీఎన్ఏ దొరికితే అనుమానపడేవాళ్లకు జవాబు దొరుకుతుందని ఆమె ఆశ. అస్థికలు నకిలీవని వాదించేవాళ్లకు కూడా ఇంతకంటే మంచి దారి లేదు. అయినా ఒక్క పరీక్ష జరగలేదు.

1943 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయల్దేరే ముందు సుభాష్ బోస్ అన్న శరత్‌కు బెంగాలీలో ఒక ఉత్తరం రాసి పెట్టారు. తనకు పెళ్లయిందని, ఒక కూతురుందని, తనమీద చూపిన ప్రేమే వాళ్లమీదా చూపించమని అందులో కోరారు. అప్పటికి అనిత మూడు నెలలు కూడా నిండని పసిబిడ్డ. యుద్ధం ముగిశాక, 1948లో శరత్ వియన్నా వెళ్లి తల్లీకూతుళ్లను కలుసుకున్నారు. తండ్రిని చూసిన జ్ఞాపకం ఆ బిడ్డకు లేదు. ఇప్పుడు ఆమె వయసు ఎనభై దాటింది. 1945 సెప్టెంబరులో రెంకోజీకి చేరిన ఆ అస్థికల పెట్టె ఇంకా అక్కడే ఉంది.