ముప్పై ఓట్ల తేడా: 1916 అరిజోనా గవర్నర్ ఎన్నిక నేపథ్యం

1916 నవంబరులో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో జరిగిన గవర్నర్ ఎన్నికలో (అక్కడ గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు) రిపబ్లికన్ అభ్యర్థి థామస్ కాంప్‌బెల్‌కు 27,976 ఓట్లు, అప్పటికి గవర్నర్‌గా ఉన్న డెమొక్రాట్ జార్జ్ హంట్‌కు 27,946 ఓట్లు వచ్చినట్లు తొలి లెక్కింపులో తేలింది. ఈ 30 ఓట్ల తగవు తెగడానికి ఏడాది పట్టింది.

దీని మూలాలు రాగి గనుల్లో ఉన్నాయి. 1910లో అరిజోనా రాజ్యాంగ రచనా సభకు అధ్యక్షత వహించి, 1912లో రాష్ట్రం ఏర్పడగానే తొలి గవర్నరైన హంట్ కార్మిక పక్షపాతి. 1915లో క్లిఫ్టన్, మొరెన్సీ గనుల్లో సమ్మె జరిగినప్పుడు ఆయన నేషనల్ గార్డ్ (రాష్ట్ర సైనిక) దళాలను పంపింది కార్మికులను అణచడానికి కాదు. సమ్మె చేస్తున్నవారి స్థానంలో కంపెనీలు బయటి కూలీలను దింపకుండా అడ్డుకోవడానికి. గని యజమానులు దీన్ని క్షమించలేదు. అదే ఎన్నికలో అధ్యక్ష పదవికి పోటీచేసిన డెమొక్రాట్ విల్సన్ రాష్ట్రంలో సునాయాసంగా గెలిచారంటే, ఆ పార్టీ ఓటర్లలో చాలామంది హంట్‌ను మాత్రం కాదనుకున్నారన్నమాట.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. అప్పటి బ్యాలెట్‌పై పార్టీ వరుసకు ఎగువన ఒక్క గుర్తు పెడితే ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడినట్లే. కొందరు డెమొక్రాటిక్ వరుసపై గుర్తు పెట్టి, మళ్లీ కాంప్‌బెల్ పేరు పక్కన కూడా పెట్టారు. ఆ ఓటు ఎవరిది? కాంప్‌బెల్‌ పేరును ప్రత్యేకంగా వెతికి గుర్తు పెట్టిన ఓటరు మనసు స్పష్టంగానే ఉందని నాకనిపిస్తుంది. కానీ చట్టం చూసేది కాగితం మీది గుర్తులను.

1917 జనవరి 1న కాంప్‌బెల్ ప్రమాణం చేసినా హంట్ కార్యాలయం ఖాళీ చేయలేదు. జనవరి 27న రాష్ట్ర సుప్రీంకోర్టు, తుది తీర్పు వచ్చేదాకా కాంప్‌బెల్‌నే గవర్నర్‌గా గుర్తించింది. మే నెలలో కింది కోర్టు కూడా ఆయనే గెలిచారంది. ఆయన పదవిలో ఉండగానే, జూలై 12న అరిజోనాలోని గనుల పట్టణం బిస్బీలో షెరీఫ్ (స్థానిక పోలీసు అధికారి) మనుషులు దాదాపు 1,200 మందిని, ఎక్కువగా సమ్మెలో ఉన్న గని కార్మికులను, తుపాకులు చూపి పశువుల రైలుపెట్టెల్లోకి ఎక్కించి న్యూమెక్సికో ఎడారిలో వదిలేశారు. ఆ రోజు హంట్ గవర్నర్‌గా ఉండి ఉంటే ఏం జరిగేదన్నది తేల్చలేం. అయితే 1915లో ఆయన ఎవరి పక్షాన నిలిచారో కార్మికులు మరచిపోలేదు.

డిసెంబరు 22న సుప్రీంకోర్టు కింది తీర్పును కొట్టివేసి, 43 ఓట్ల ఆధిక్యంతో హంట్ గెలిచినట్లు ప్రకటించింది. దాదాపు ఏడాది జీతం లేకుండా పనిచేసిన కాంప్‌బెల్ తప్పుకున్నారు. 1918లో ఆయన మళ్లీ పోటీచేసి, మరో డెమొక్రాట్‌పై 339 ఓట్ల తేడాతో గెలిచారు.