మరియా లెహార్రగా భర్తకు "సాయం" మాత్రమే చేసిందా? అపోహలు - వాస్తవాలు

నేను స్పానిష్ సాహిత్యం పాఠాలు చెప్తాను. స్పానిష్ రచయిత్రి మరియా లెహార్రగా (1874-1974) పేరు ఎత్తిన ప్రతిసారీ క్లాసులో ఇవే మాటలు వినపడతాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: నాటకాలు భర్త గ్రెగోరియో మార్తీనెస్ సియెర్రావి, ఆవిడ కాస్త సాయం చేసింది.

వాస్తవం: ఆ "సాయం" అనే మాటకే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన నాటక కంపెనీ పనుల్లో ఊళ్లు తిరుగుతూ తర్వాతి అంకం ఎప్పుడు పంపుతావని ఉత్తరాలు రాసేవాడు, ఈవిడ కూర్చుని రాసి పంపేది. 1911 నాటి 'కాన్సియోన్ దె కూనా' (జోలపాట) అనే నాటకం మీదా, 1915లో మాన్యుయెల్ దె ఫాల్యా సంగీతం కట్టిన 'ఎల్ అమోర్ బ్రూహో' అనే నృత్యనాటకం మీదా ఆయన పేరే ఉంది. 1930 ఏప్రిల్‌లో ఆయనే సంతకం పెట్టిన కాగితం ఒకటుంది, తన రచనలన్నీ భార్యతో కలిసి రాసినవేనని. నన్నడిగితే "కలిసి" అనడం కూడా తక్కువ చేసి చెప్పడమే.

అపోహ: ఆవిడకు రావాల్సిన పేరును ఆయన లాక్కున్నాడు.

వాస్తవం: అంత తేలిక కాదు. 1899లో సొంత పేరుతో మొదటి కథల పుస్తకం తెచ్చి ఇంట్లో చూపిస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఇక పుస్తకం మీద నా పేరు చూడరు అని ఆ రోజే అనుకుందట. పైగా టీచరమ్మ, రాసే ఆడదానికి అప్పట్లో మంచి పేరుండేది కాదు. కొత్తగా పెళ్లయిన ప్రేమ కూడా ఉంది. నాకు బాధనిపించేది ఆ తర్వాతది: ఆయన నటి కతలీనా బార్సెనాతో ఉంటూ, 1922లో వాళ్లకు పాప పుట్టాక కూడా ఈవిడ ఆయన కోసం రాస్తూనే ఉంది. ఆడవాళ్ల హక్కుల గురించిన వ్యాసాలు కూడా ఆయన పేరుతోనే వచ్చాయి!

అపోహ: రాజకీయం ఆవిడకు కాలక్షేపం.

వాస్తవం: 1933లో, స్పెయిన్ ఆడవాళ్లు మొదటిసారి ఓటేసిన సాధారణ ఎన్నికల్లో, గ్రనాదా నుంచి సోషలిస్టు ఎంపీగా గెలిచింది. అంతర్యుద్ధం తర్వాత ప్రవాసం, ఫ్రాన్స్‌లోని నీస్‌లో శుక్లాలతో దాదాపు చూపు పోయిన రోజులు, చివరికి బ్యూనస్ ఐరిస్‌లో మరణం.

అపోహ: భర్త పోయాకైనా సొంత పేరు పెట్టుకుంది.

వాస్తవం: స్పెయిన్‌లో పెళ్లయితే ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. అయినా 1953లో తమ ఉమ్మడి రచనల కథంతా చెప్పిన జ్ఞాపకాల పుస్తకం మీద ఆవిడ పెట్టుకున్న పేరు మరియా మార్తీనెస్ సియెర్రా.