ముందు కలిశాం, తర్వాత విడిపోయాం

ములుగు, ఏటూరునాగారం వైపు వారపు సంతల్లో కోయ మాట, లంబాడీ మాట, తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. ఇంకా ఉత్తరానికి, ఆదిలాబాద్ కొండల్లోకి వెళ్తే వీటికి గోండి, కొలామీ, మరాఠీ తోడవుతాయి. ఇన్ని రకాల మనుషులు ఒకే నేల మీద బతుకుతున్నప్పుడు ముందు వచ్చింది ఎవరు, తర్వాత వచ్చింది ఎవరు అన్న ప్రశ్న పుట్టకుండా ఉండదు. దాని చుట్టూ తరతరాలుగా వాదాలు నడిచాయి, రాజకీయాలూ నడిచాయి. గత రెండు దశాబ్దాల్లో జన్యుశాస్త్రం ఇచ్చిన జవాబు మాత్రం ఆ వాదాల్లో ఏ ఒక్క పక్షానికీ పూర్తిగా అనుకూలంగా లేదు. ఉత్తర తెలంగాణలో పుట్టి పెరిగిన ప్రతి ఒక్కరూ ఆ జవాబు తెలుసుకోవాలన్నది నా కోరిక.

మొదటి సంగతి అందరికీ ఒకటే. ఆధునిక మానవుడి అతి పాత ఆనవాళ్లు ఆఫ్రికాలో దొరికాయి, వాటి వయసు దాదాపు 3 లక్షల ఏళ్లు. అక్కడి నుంచి బయలుదేరిన ఒక చిన్న గుంపు సంతతే ఆఫ్రికా బయటి ప్రపంచాన్నంతా నింపింది. 2,700 మందికి పైగా భారతీయుల పూర్తి జన్యుక్రమాలను చదివి 2025లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. మన వారసత్వంలో అత్యధిక భాగం సుమారు 50,000 ఏళ్ల కిందట జరిగిన ఒకే ఒక్క పెద్ద వలసకు చెందుతుంది. దారిలో నియాండర్తల్ మానవులతో, అంటే ఇప్పుడు అంతరించిపోయిన మరో మానవజాతితో, కలిసిన గుర్తుగా మన డీఎన్ఏలో ఒకటి రెండు శాతం వారిది. అంతకు ముందు ఈ నేల ఖాళీగా ఉందని కాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చెక్కినవారు ఏ మానవజాతి అన్నది ఇంకా వివాదమే.

ఈ తొలి వలసదారులు వేట మీద, అడవి దుంపలు, పండ్ల మీద బతికారు. వారి సంతతి ఎలా జీవించిందో చూడాలంటే వరంగల్ నుంచి చాలా దూరం వెళ్లనక్కర లేదు. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉంది. ఇసుకరాయి గుట్టల కింద సహజంగా ఏర్పడిన గుహల గోడల మీద, కప్పుల మీద ఎర్రటి రంగుతో వేసిన అడవిదున్నలు, జింకలు, పులులు కనిపిస్తాయి. ఒకే గోడ మీద మధ్య శిలాయుగపు బొమ్మ పక్కన చారిత్రక కాలపు బొమ్మ ఉంటుంది. వేల ఏళ్ల పాటు ఒక తరం తర్వాత ఒక తరం అదే గోడ దగ్గరికి వచ్చి తన గుర్తు తాను వేసి వెళ్లింది. పాతవారు మాయమై కొత్తవారు దిగారన్న ఊహ కంటే, పాతవారిలో కొత్తవారు చేరుతూ వచ్చారన్న మాటే ఆ గోడకు సరిగ్గా సరిపోతుంది. జన్యువులు చెప్పేదీ అదే.

ఆ లెక్క మొదట తేటపడింది 2009లో. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రైక్ కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏను పరిశీలించారు. ఆ సమూహాల్లో తెలుగువారు చాలామందే ఉన్నారు: మాల, మాదిగ, వైశ్య, వెలమ, కంసాలి, చెంచు. తేలింది ఏమిటంటే, మన దేశంలో దాదాపు ప్రతి సమూహమూ రెండు పాత జనధారల మిశ్రమం. ఒకదానికి ఉత్తర పూర్వీకులనీ రెండోదానికి దక్షిణ పూర్వీకులనీ పేర్లు పెట్టారు. ఉత్తర ధార వాటా ఎక్కువ సమూహాల్లో 39 నుంచి 71 శాతం మధ్య ఉంది. పూర్తిగా ఒక ధారకే చెందిన కులం గాని తెగ గాని ప్రధాన భూభాగంలో కనిపించలేదు. దక్షిణ ధారకు చుట్టాలై ఉండి ఉత్తర ధార కలవనివారు అండమాన్‌లోని ఓంగే తెగవారు మాత్రమే. చెంచులనూ వెలమలనూ పక్కపక్కన పెట్టి చూసినా కనిపించేది పాళ్లలో తేడాయే.

తర్వాత పదేళ్లకు ఆ రెండు ధారలు కూడా మిశ్రమాలేనని బయటపడింది. 2019లో రెండు పరిశోధనలు వెలువడ్డాయి. ఒకటి మధ్య ఆసియా, దక్షిణ ఆసియాల్లో పాత సమాధుల నుంచి తీసిన 523 మంది డీఎన్ఏ మీద జరిగింది. రెండోది హరియాణాలోని రాఖీగఢీలో, సింధు నాగరికత కాలపు సమాధుల మీద. అక్కడ 61 ఎముకల నమూనాలు పరీక్షిస్తే, ఒక్క స్త్రీ ఎముకలోనే పనికొచ్చే డీఎన్ఏ దక్కింది. మన ఎండకూ తేమకూ డీఎన్ఏ అంత త్వరగా చెడిపోతుంది. దక్కిన ఆ కాస్త కూడా చెవి లోపలి గట్టి ఎముకలోనిది.

ఆ రెంటినీ కలిపి చూస్తే మూడు మూలాలు కనిపిస్తాయి. మొదటిది ఉపఖండపు తొలి వేటగాళ్లది. రెండోది ఇరాన్ పీఠభూమి ప్రాచీన జనానికి దూరపు చుట్టరికం ఉన్న ధార. ఈ రెండూ కలిసినవారే సింధు నగరాల జనం. రాఖీగఢీ స్త్రీలోనూ ఆ రెండే ఉన్నాయి. పైగా ఆమెలోని ఇరాన్ సంబంధపు శాఖ అక్కడి జనం వ్యవసాయం నేర్వడానికి ముందే విడిపోయినది. కాబట్టి ఇరాన్ రైతులు గుంపులుగా వచ్చి మనకు సేద్యం నేర్పారన్న పాత ఊహ నిలవడం కష్టం. మూడోది కాస్పియన్ సముద్రానికి ఉత్తరాన విస్తరించిన స్టెప్పీ అనే గడ్డి మైదానాల పశువుల కాపరులది. వారు క్రీ.పూ. 2000, 1500 మధ్య ఇక్కడికి చేరారు. రాఖీగఢీ స్త్రీలో వారి జాడ లేదు, ఆమె వారి రాకకు ముందటి మనిషి. సింధు నగరాలు క్షీణించాక అక్కడి జనంలో కొందరు దక్షిణానికి జరిగి తొలి వేటగాళ్ల సంతతితో మరింతగా కలిశారు, అది దక్షిణ ధార. ఉత్తరాన మిగిలినవారు స్టెప్పీ జనంతో కలిశారు, అది ఉత్తర ధార. ఆ తర్వాత ఈ రెండూ దేశమంతటా కలగలిసిపోయాయి.

ఎప్పుడు కలిశాయో చెప్పే పద్ధతి నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. తల్లి వైపు డీఎన్ఏను ఎర్ర పట్టీ, తండ్రి వైపు డీఎన్ఏను నల్ల పట్టీ అనుకోండి. ప్రతి తరంలోనూ ఆ పట్టీలను అక్కడక్కడ కత్తిరించి ఒకదానికొకటి అతికిస్తే, తరాలు గడిచేకొద్దీ ఒకే రంగున్న ముక్క పొడవు తగ్గుతూ పోతుంది. క్రోమోజోముల్లో జరిగేది ఇదే. ఈ రోజు మనలో ఒక్కో ధార ముక్క సగటు పొడవు కొలిస్తే, కలయిక ఎన్ని తరాల కిందటిదో లెక్కకు వస్తుంది. 2013లో తంగరాజ్, ప్రియా మూర్జాని తదితరులు 73 సమూహాల మీద ఈ లెక్క కట్టారు. ఆ కలయిక ఇప్పటికి 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా సాగింది. కొండల్లో, అడవుల్లో ఒంటరిగా ఉన్నట్టు కనిపించే ఆదివాసులూ, గుడి గర్భాలయాల్లో అర్చన చేసేవారూ అందులో ఉన్నారు.

ఆ కాలాన్ని మన నేల మీద పెట్టి చూద్దాం. దక్కను పీఠభూమిలో సేద్యం మొదలైంది దాదాపు ఆ రోజుల్లోనే. ఇక్కడి తొలి రైతులు పండించిన వాటిలో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ముఖ్యమైనవి. ఇవి దక్షిణ భారతంలోనే అడవి మొక్కల నుంచి పంటలుగా మారాయని పురావస్తు వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. పెళ్లి భోజనంలో ఉలవచారు పోసుకుంటున్నప్పుడు దాని వెనక నాలుగు వేల ఏళ్ల పైబడిన దక్కను రైతు చేతిపని ఉందని మన పిల్లలకు చెప్పాలి.

ఆ తర్వాత ఇనుము వచ్చింది. దానితోపాటు పెద్ద బండల సమాధులు వచ్చాయి. తాడ్వాయి అడవుల్లో దామరవాయి దగ్గర గుట్ట మీద ఇవి గుంపులుగా ఉన్నాయి. నాలుగు పక్కలా నిలబెట్టిన రాతి పలకలు, పైన కప్పుగా ఒకే పెద్ద బండ, కొన్నిటి లోపల రాతిని తొలిచి చేసిన తొట్టి. పదుల మంది కలిసి పట్టుకుంటే గాని ఆ బండలు కదలవు, అందుకే మనుషుల పని కాదనుకుని జనం వాటిని రాకాసి గుళ్లు అన్నారు. గోదావరి వెంబడి దిగువకు, జానంపేట వైపు ఇంకా చాలా ఉన్నాయి. మన ప్రాంతంలో ఈ సమాధులు సుమారు 3,000 నుంచి 2,000 ఏళ్ల కిందటివి, అంటే జన్యుశాస్త్రం లెక్కగట్టిన కలయిక కాలం నడుమన పడతాయి. వాటిని లేపిన చేతులు ఇప్పటి ఏ ఒక్క కులానివో తెగవో అనడం కుదరదు. ఆ జనం అప్పుడే కలుస్తున్నారు. ఈ బండల కింద నిధులుంటాయన్న భ్రమతో తవ్వి పోసేవారు, మన పూర్వీకుల డీఎన్ఏ దక్కే ఒకే ఒక్క అవకాశాన్ని మట్టిపాలు చేస్తున్నారు. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

భాషను బట్టి రక్తసంబంధం తేల్చడం కూడా పొరపాటు. గోండి మన తెలుగుకు దగ్గరి చుట్టం, రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖవే. వారి పొరుగున ఉండే కొలాముల కొలామీ అదే కుటుంబంలో వేరే శాఖది. అయినా 2017లో నాలుగు ప్రాంతాల గోండుల మీద జరిగిన పరిశోధనలో, వారి జన్యువులు ద్రావిడ భాషలు మాట్లాడే మిగతా వారి కంటే జార్ఖండ్, ఒడిశా వైపు ముండా భాషలు మాట్లాడే ఆదివాసులకు దగ్గరగా ఉన్నాయని తేలింది. ఆ ముండా వారి తండ్రి శాఖల్లో చాలా వరకు ఆగ్నేయాసియా నుంచి వచ్చినవి, తల్లి శాఖలు ఇక్కడివే. ఇక లంబాడీల రాక మరీ ఇటీవలిది, వారి భాష రాజస్థానీకి దగ్గర. సరుకుల ఎడ్లతో సైన్యాల వెంట దక్కనుకు దిగినవారు వారు.

మరి 1,900 ఏళ్ల కిందట ఏం జరిగింది? కలయిక ఆగిపోయింది. అది శాతవాహనుల కాలం. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో తొలి శాతవాహన రాజుల నాణేలు దొరికాయి. ఆ నాణేలు చేతులు మారిన రోజుల్లో కూడా భిన్న సమూహాల మధ్య పెళ్లిళ్లు దేశంలో సాగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత కొద్ది శతాబ్దాల్లో కులంలోనే, తెగలోనే పెళ్లి అన్న కట్టుబాటు బిగుసుకుంది. కొన్ని సమూహాల్లో అది ఇంకా ముందే మొదలైంది. వైశ్యులు వంద తరాలకు పైగా, అంటే రెండు మూడు వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటున్నారని 2009 పరిశోధన చూపింది. సనాతనమనీ ఆది నుంచీ ఇంతేననీ మనం నమ్మే ఈ ఎడం, మన కలయిక కంటే వయసులో చిన్నది. ఈ ఒక్క విషయం బడి పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఆ కట్టుబాటు శరీరాల మీద కూడా గుర్తు వేసింది. ఆపరేషన్ బల్ల మీద కండరాలను సడలించడానికి సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది, రోగి మళ్లీ తానుగా ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము లోపించినవారు గంటల తరబడి కదలలేరు, అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతావారి కంటే చాలా ఎక్కువ. అందుకే అనుభవం ఉన్న మత్తు డాక్టర్లు మందు ఇచ్చే ముందు కులం అడిగి తెలుసుకుంటారు. అది అవమానంగా తీసుకోవలసిన ప్రశ్న కాదు, ప్రాణం కాపాడే ప్రశ్న. ఇలాంటి బిగువు వైశ్యులకే పరిమితం కాదు. 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలిస్తే, జన్యు వ్యాధుల అధ్యయనంలో పేరుపొందిన ఫిన్లాండ్ ప్రజల కంటే, ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల కంటే ఇరుకైన మూలం ఉన్నవి, అంటే ఇంకా కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగినవి, 81 తేలాయి. మేనమామను, మేనబావను చేసుకునే మన అలవాటు ఆ ఇరుకును కుటుంబం దాకా తెస్తుంది.

ఆదిలాబాద్ గోండుల్లో పెళ్లి నియమాలు చూడండి. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతులుగా వారు నాలుగు సగలు, అంటే వంశ కూటాలు. ఒకే సగకు చెందినవారు తోబుట్టువులతో సమానం, పెళ్లి బయటి సగతోనే. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే వేడుక ఈ కట్టుబాటుకు కళ్ల ముందరి రూపం. రక్తసంబంధీకుల మధ్య పెళ్లిని తప్పించే చక్కని ఏర్పాటు ఇది. కానీ తెగ మొత్తం మీద గీసిన బయటి గీత మారదు. అందుకే తెగలో పాతుకుపోయిన జన్యుమార్పు తరం తర్వాత తరం తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. అలాంటి మార్పులతో వచ్చే జబ్బుల్లో ఎక్కువ బాధపెట్టేది సికిల్ సెల్ అనే రక్త వ్యాధి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఒళ్లంతా భరించలేని నొప్పులు, రక్తహీనత. తల్లి, తండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవారిని వాహకులంటారు, వారికి మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. దోమలున్న అడవుల్లో అది వేల ఏళ్లుగా నిలిచి ఉండడానికి కారణం అదే. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం, 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్షకు కావలసింది వేలి నుంచి ఒక చుక్క రక్తం. ఉట్నూరులో గాని ఏటూరునాగారంలో గాని సంబంధం కుదిరే ముందే ఇద్దరికీ ఆ పరీక్ష జరిగితే, ఇద్దరూ వాహకులని తేలినప్పుడు ఏం చేయాలో ఆలోచించుకునే సమయం ఆ రెండు కుటుంబాలకూ దొరుకుతుంది. జబ్బు ముందే తెలిసిన పిల్లలకు హైడ్రాక్సీయూరియా మందు నొప్పుల దాడులను బాగా తగ్గిస్తుంది.