తూము తలుపూ, పాత రేడియో గొంతూ

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు ఆశీస్సులు.

దసరా సెలవులకు నల్లగొండ వచ్చినప్పుడు మీలో చిన్నది అడిగిన ప్రశ్నకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. "తాతా, లోపల దీపం వెలిగింది కదా, మరి మాట ఎందుకు రాదు?" అని అది అడిగింది. నేల మీద నిలబడే మన పెద్ద పెట్టె రేడియో స్విచ్చు వేశాక అర నిమిషం మౌనంగా ఉండి, సన్నగా గుంయిమని, ఆ తరువాతనే గొంతు విప్పుతుంది.

లోపల ఐదారు గాజు బుడ్లుంటాయి, వాటినే వాల్వులంటారు. మన చెరువు తూమును తలచుకోండి. నీరటి తలుపును బెత్తెడు ఎత్తితే ఒక పాయ, జానెడు ఎత్తితే కాలువ నిండా నీరు వస్తుంది. అతని చేతి బలం కొంచెమే అయినా దాని వెంట కదిలిన నీటితో ఎకరాలు తడుస్తాయి. వాల్వులో గ్రిడ్ అనే సన్నని తీగల జల్లెడ ఆ తలుపు, హైదరాబాదు నుంచి గాలిలో వచ్చే బలహీనమైన సంకేతం నీరటి చెయ్యి, ఇంటి కరెంటు నుంచి తయారయ్యే ప్రవాహం చెరువు నీరు. అయితే ఈ చెరువుకు ఒక వింత ఉంది: అడుగున పొయ్యి రాజేస్తే గాని ఇందులో నీరు ఊరదు. లోపలి కాథోడు అనే లోహపు భాగం ఎర్రగా కాగినప్పుడే ఎలక్ట్రాన్లు బయలుదేరుతాయి, అందుకే ఆ అర నిమిషం. 1906లో లీ డి ఫారెస్ట్ అనే అమెరికా ఆవిష్కర్త గ్రిడ్‌ను చేర్చి ఆ చెరువుకు తూము పెట్టాడు.

నా చిన్నతనంలో మా ఊరంతటికీ రేడియో ఒక్క ఇంట్లోనే ఉండేది, దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారు. వార్తలకు ముందే దానిని వేడెక్కించే పని ఆ ఇంటి పెద్దాయన నాకు అప్పగించాడు. వెనుక అట్ట రంధ్రాలకు ముఖం ఆనించి నారింజ రంగు వెలుగును చూస్తుంటే, వేడెక్కిన దుమ్మూ వార్నీషూ కలిసిన వాసన వచ్చేది. ఒకసారి ముల్లును బలంగా తిప్పి డయల్ దారం తెంపాను. ఆయన కోప్పడలేదు, కొత్త దారం కట్టేంతసేపూ దాని కొసను నా చేతనే పట్టించాడు. మీరు కూడా పాత వస్తువు మీద బలం చూపకండి.

ఎవరి అటక మీదనైనా ఇలాంటిది కనిపిస్తే ప్లగ్గు పెట్టవద్దు. ఏళ్ల తరబడి వాడని సెట్టులో కండెన్సర్లు, అంటే కరెంటును కాసేపు నిలవ ఉంచే భాగాలు, పాడై ఉంటాయి, ఒక్కసారిగా కరెంటు ఇస్తే కాలిపోవచ్చు. ముందువైపు ఫిలిప్స్, మర్ఫీ, బుష్ అన్న పేరు చూసి తృప్తి పడక, మోడల్ నంబరు కోసం వెనుక అట్టను చూడండి. తరువాత పెద్దవారి చేత అట్ట విప్పించి, చేయి పెట్టకుండా వాల్వుల మీది రాతలు చదవండి. ఇ.సి.హెచ్.81 అని ఉంటే, మొదటి అక్షరం అది 6.3 వోల్టులతో వేడెక్కుతుందని చెబుతుంది, ఎనభైలలోని సంఖ్య తొమ్మిది కాళ్లుంటాయని చెబుతుంది. ఇవి 1950లలో వ్యాపించిన రకం. యు.సి.హెచ్.42 అయితే ఎనిమిది కాళ్లది, కొంచెం ముందుది. 'యు' వాల్వులున్న సెట్లలో లోపలి ఇనుప చట్రానికే కరెంటు తగలవచ్చు కనుక ప్లగ్గులో ఉండగా వాటి దగ్గరికి పోవద్దు. గుడ్డతో గాజును తుడిచారంటే ఆ రాతలు చెరిగిపోతాయి, ఇక దాని పేరు ఎవరూ చెప్పలేరు. చాలా వాల్వులకు నెత్తిన వెండిలా మెరిసే మరక ఉంటుంది. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి చొరబడినట్టే, ఆ బుడ్డి ఇక పలకదు.

సంక్రాంతికి రండి. ఈలోగా రేడియో తరంగం సెకనుకు పోయే 3,00,000 కిలోమీటర్లను హైదరాబాదు కేంద్రపు కిలోహెర్ట్జ్ సంఖ్య 738తో భాగించి ఉంచండి; ఆ కేంద్రం డయల్ మీద ఎన్ని మీటర్ల దగ్గర ఉంటుందో వస్తుంది. మీరు చెప్పిన చోటనే ముల్లు పెడదాం. గదిలో దీపాలు ఆర్పితే డయల్ పక్కన ఆకుపచ్చని కన్ను ఒకటి కనిపిస్తుంది, స్టేషను సరిగ్గా దొరికినప్పుడు అందులోని నీడ సన్నగా ముడుచుకుంటుంది. ఎందుకో ఉత్తరంలో చెప్పలేను. నా పక్కన కూర్చుని చూడండి.

మీ తాత