ఓటీపీ కొట్టేశాక ఇక డబ్బు రాదా? దొంగ షాపింగ్ సైట్లపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో, పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో బ్యాంకు కౌంటరు దగ్గర మన తెలుగువాళ్లు మొదట అనే మాట, ‘ఆన్‌లైన్‌లో మోసపోయానండీ’. అవతలి క్లర్కు ఆ మాట పట్టుకుని ఫారంలో ‘మోసపు లావాదేవీ’ అన్న గడిలో టిక్కు పెడతాడు. చాలా కేసులు ఆ టిక్కు దగ్గరే ఓడిపోతాయి. ఎందుకో చూడ్డానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఫేస్‌బుక్‌లో ‘అసలు బరంపురం పట్టు, ఫొడా కుంభ అంచు, షాపు ఎత్తేస్తున్నాం, 899 రూపాయలే’ అని ప్రకటన. నొక్కితే సైటు తెరుచుకుంది. కార్డు నంబరు ఇచ్చారు, ఓటీపీ కొట్టారు, డబ్బు కట్టయింది. చీర రాలేదు.

అపోహ: ఓటీపీ మనమే కొట్టాం కాబట్టి బ్యాంకు వినదు

వింటుంది. కాకపోతే ఏం చెప్పాలో తెలిసి చెప్పాలి. కార్డు ఫిర్యాదుల్లో రెండు వేర్వేరు దారులున్నాయి. ఒకటి, ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’. రెండోది, ‘చేసింది నేనే, సరుకు రాలేదు’ లేదా ‘చెప్పింది ఒకటి, వచ్చింది ఒకటి’. వీసా లెక్కలో మొదటిదానికి 10.4 అని కోడు. సరుకు రాకపోతే 13.1, వర్ణించినట్టు లేకపోతే 13.3, నకిలీ సరుకైతే 13.4. మాస్టర్‌కార్డ్‌లో ‘నేను చేయలేదు’కు 4837, సరుకు తగాదాలకు 4853.

ఓటీపీ అడ్డం పడేది మొదటి దారికే. ఓటీపీతో నిర్ధారణ అయిన లావాదేవీని ‘నేను చేయలేదు’ అంటే బ్యాంకు తన లాగ్ తీసి చూస్తుంది, ఓటీపీ మీ నంబరుకే వెళ్లిందని రాసి కేసు మూసేస్తుంది. రెండో దారికి ఓటీపీతో సంబంధమే లేదు. డబ్బు ఇచ్చింది మీరేనని మీరే ఒప్పుకుంటున్నారు, దానికి బదులు రావాల్సిన చీర ఏదని అడుగుతున్నారు. ఓటీపీ చీరను తెచ్చి ఇవ్వదు కదా!

కాబట్టి ఫారంలో ఇలా రాయండి: ‘ఫలానా తేదీన ఫలానా సైటులో పట్టుచీర ఒకటి ఆర్డరు చేసి 899 రూపాయలు నేనే చెల్లించాను. ఫలానా తేదీకి ఇస్తామన్నారు. ఇంతవరకు సరుకు అందలేదు. ఫలానా తేదీల్లో అమ్మకందారుకు రెండుసార్లు మెయిలు చేశాను, జవాబు లేదు. సరుకు అందని కారణం కింద చార్జ్‌బ్యాక్ వేయగలరు.’ చార్జ్‌బ్యాక్ అంటే మీరు కట్టిన డబ్బును బ్యాంకు కార్డు కంపెనీ ద్వారా అమ్మకందారు నుంచి వెనక్కి రప్పించడం. ఫారం ఇంగ్లిషులో రాయించుకుంటే మంచిది. మీ ఫారాన్ని పరిశీలించేది శాఖలో కాదు, ఎక్కడో ఉన్న కార్డుల విభాగంలో. ‘మోసం’ అన్న మాట ఎక్కడా వాడకండి. కోపం రావడం న్యాయమే, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పుకోవచ్చు.

ఫారంతో పాటు జతచేయాల్సినవి ఇవి: ఆర్డరు నంబరు ఉన్న మెయిలు లేదా మెసేజి, పైన సైటు అడ్రసు కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్లు, స్టేట్‌మెంటులో ఆ పద్దు ఉన్న పేజీ, అమ్మకందారుకు మీరు రాసిన మెయిళ్లు. మెయిలు తిరిగి వచ్చేస్తే ఆ తిరుగుటపా కూడా సాక్ష్యమే, తీసేయకండి. సైటు రేపో మాపో మాయమవుతుంది కాబట్టి అనుమానం వచ్చిన రోజే స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. ఇంకో చిక్కు, స్టేట్‌మెంటులో కనిపించే పేరు తరచూ సైటు పేరు కాదు, మధ్యలో ఉన్న పేమెంటు కంపెనీ పేరో అమ్మకందారు అసలు పేరో ఉంటుంది. ఫారంలో రెండు పేర్లూ రాయండి.

అరుదుగా రెండూ కలిసి వస్తాయి. 899 చీర రాలేదు, పైగా అదే కార్డుతో వారం తర్వాత విదేశీ సైటులో ఓటీపీ లేకుండానే మరో పద్దు పడింది. ఇవి రెండు ఫిర్యాదులు. ఒకే కాగితం మీద రాస్తే రెండూ చెడతాయి. ఆ రోజే కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. కొత్తదానిలో యాప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసి ఉంచండి.

అపోహ: మూడు రోజులు దాటితే హక్కు పోయినట్టే

ఈ మూడు రోజుల మాట రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్‌లోది. అది మీరు చేయని లావాదేవీలకు వర్తిస్తుంది. మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన రోజును వదిలేసి మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయలు, జీరో బ్యాలెన్స్ ఖాతాకు 5,000, అయిదు లక్షలు దాటిన లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు 25,000 వరకు మీరు మోయాలి. ఆపైన బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. మీరు చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు మీదేనని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే.

చీర రాని కేసుకు గడియారం వేరు. వీసా నిబంధనల్లో చీర రావాల్సిన తేదీ నుంచి 120 రోజులు. డెలివరీ తేదీ ఏదీ చెప్పకపోతే లావాదేవీ జరిగిన నాటి నుంచి 15 రోజులు ఆగాకే బ్యాంకు డిస్ప్యూట్ (చార్జ్‌బ్యాక్ ఫిర్యాదు) వేయగలదు. అందుకే మర్నాడే పరుగెత్తుకెళ్లిన వాళ్లను ‘కొన్నాళ్లు ఆగి రండి’ అని పంపుతారు. అది వెళ్లగొట్టడం కాదు. కానీ వెళ్లి అడిగినట్టు రసీదు తీసుకోకుండా మాత్రం తిరిగి రాకండి. రూపే గడువులు వేరుగా ఉంటాయి, బ్యాంకులు లోపల పెట్టుకున్న గడువులు ఇంకా తక్కువ ఉండొచ్చు. 120 ఉన్నాయి కదా అని కూర్చోకండి.

క్రెడిట్ కార్డు అయితే బిల్లులో వివాదంలో ఉన్న పద్దు పక్కన పెట్టి మిగతాది గడువులోగా కట్టేయాలి. మొత్తం బిల్లే ఎగ్గొడితే వడ్డీ పేరుతో అసలుకే ఎసరు.

అపోహ: ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని ఉంది, ఇక చేసేదేం లేదు

ఇక్కడే దొంగ అమ్మకందారు తెలివంతా ఉంటుంది. చీర పంపడు, అలాగని ఊరుకోడు. ఒక జేబురుమాలో గాజు పూసల దండో కవరులో పెట్టి పంపిస్తాడు. ఎందుకంటే మీరు ‘సరుకు రాలేదు’ అని వేస్తే, వాడు కొరియర్ కాగితం చూపించి ‘అందింది’ అంటాడు, కేసు వాడిది. ఇంకా నేర్పరి అయితే అదే పిన్‌కోడులో వేరే ఇంటికి పంపుతాడు. 761200 పర్లాకిమిడి అని ట్రాకింగ్ చూపిస్తుంది, తీసుకున్నవాళ్లు ఎవరో మీకు తెలీదు.

కవరును చింపే ముందు లేబులు చూడండి. దాని మీద మీ పేరు, పంపినవాడి పేరు, ఎయిర్‌వే బిల్లు నంబరు (కొరియర్ ట్రాకింగ్ నంబరు), బరువు ఉంటాయి. పట్టుచీర పెట్టెతో కలిపి అరకిలోకు అటూఇటూ తూగుతుంది. లేబుల్లో 0.08 కిలో అని ఉంటే లోపల చీర ఉండే ప్రసక్తే లేదు. ఆ ఒక్క అంకె పెద్ద సాక్ష్యం, లేబులును దగ్గరగా ఫొటో తీయండి. ఆ తర్వాత కవరు ఆరు వైపులా చూపించి, మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా చింపడం తీయండి. కవరు, లేబులు పారేయకండి.

ఇలా వచ్చినప్పుడు ఫిర్యాదు ‘రాలేదు’ అని కాదు, ‘వర్ణించినట్టు లేదు’ అని వేయాలి. దానికో షరతుంది. సరుకు తిప్పి పంపామనో, పంపడానికి ప్రయత్నించామనో చూపించాలి. ‘రుమాలు తిరిగి పంపుతాను, అడ్రసు ఇవ్వండి’ అని మెయిలు కొట్టి జవాబు కోసం చూడండి. 60 గ్రాముల రుమాలును చైనా అడ్రసుకు మీ ఖర్చుతో పంపమంటే, ఆ మెయిలూ జతచేయండి. వేరే ఇంటికి పంపిన కేసులో మాత్రం ‘రాలేదు’ అనే వేసి, డెలివరీ సంతకం నకలు కొరియర్ నుంచి రాతపూర్వకంగా అడగాలి.

మరో సంగతి. డిస్ప్యూట్ వేశాక డబ్బు ఖాతాలో పడిందంటే గెలిచినట్టు కాదు, అది తాత్కాలిక జమ. అమ్మకందారు కాగితాలు పంపిస్తే బ్యాంకు మిమ్మల్ని మళ్లీ జవాబు అడుగుతుంది. ఆ మెయిలు చూడక ఊరుకున్నవాళ్ల డబ్బు వెనక్కి పోతుంది.

అపోహ: యూపీఐలో పోతే పోయినట్టే

సగం నిజం. వ్యాపారి క్యూఆర్‌కు వెళ్లిన డబ్బు మీద యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టవచ్చు, కదలకపోతే బ్యాంకుకు, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ సైటులోని ఫిర్యాదు పేజీకి వెళ్లవచ్చు. మామూలు మనిషి ఖాతాకు పంపిన డబ్బుకు మాత్రం చార్జ్‌బ్యాక్ లాంటిది ఆశించకండి. పిన్ కొట్టే ముందు తెరమీద వచ్చే పేరు చదవాలి. దుకాణం పేరు ‘చేనేత హౌస్’, డబ్బు పోయేది ఎవరో వ్యక్తి పేరు మీదికి అంటే అక్కడే ఆగిపోవాలి. పంపేశాక మిగిలిన దారి 1930.

అపోహ: ఖాతా ఆంధ్రాలో, ఇల్లు ఒడిశాలో, ఫిర్యాదు ఎవరూ తీసుకోరు

పర్లాకిమిడిలో ఉంటూ పాతపట్నంలో ఖాతా, రాయగడలో ఉంటూ పార్వతీపురంలో ఖాతా మనకు మామూలే. 1930కి ఎక్కడి నుంచి చేసినా ఫర్వాలేదు, మీరు ఉండే జిల్లా ముందే చెప్పండి. చేతిలో పెట్టుకోవాల్సినవి ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, మొత్తం, యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు. వాళ్లిచ్చిన నంబరుతో 24 గంటల్లోగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నింపాలి. పోలీసు స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందేనని చెప్పండి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటాం.

1930 పని ఏమిటో కూడా సరిగ్గా తెలియాలి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూకుతుంటే దారిలో పట్టి ఆపడం వరకే. ఆపిన డబ్బు పెద్ద మొత్తమైతే మీ చేతికి రావడానికి సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. గంటలోపు చేస్తే ఆశ ఉంటుంది, వారం తర్వాత చేస్తే ఆపడానికి అక్కడ ఏమీ మిగలదు. 1930కి చెప్పాం కాబట్టి బ్యాంకు తనంత తానే చార్జ్‌బ్యాక్ వేస్తుందనుకోవద్దు. అవి రెండు వేర్వేరు పనులు, రెండూ మీరే చేయాలి.

అపోహ: తాళం గుర్తు, జీఎస్‌టీ నంబరు ఉంటే అసలు సైటే

సైటు అడ్రసు పక్కన కనిపించే తాళం చెప్పేది మీకూ సైటుకూ మధ్య దారి భద్రంగా ఉందని, అంతే. అవతల కూర్చున్నది దొంగా దొరా అన్నది చెప్పదు. ఆ తాళం తెచ్చిపెట్టే సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. అందరూ దాన్ని తప్పుగా నమ్ముతున్నారనే క్రోమ్ 2023లో ఆ గుర్తునే తీసేసింది.

జీఎస్‌టీ నంబరు మాత్రం పనికొస్తుంది, చదవడం తెలిస్తే. 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం: ఒడిశా 21, మహారాష్ట్ర 27, తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37, గుజరాత్ 24, ఢిల్లీ 07. తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్. ‘బరంపురం నేతగాళ్ల దగ్గర్నుంచి నేరుగా’ అని రాసి నంబరు 07తో మొదలైతే ప్రశ్నించుకోండి. దొంగలు ఇంకెవరి నంబరో అతికించేస్తారు కూడా. జీఎస్‌టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే ఆ నంబరు వెతకవచ్చు. వచ్చిన వ్యాపారం పేరు, సైటు పేరు కలవాలి. వాటితో పాటు 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను సైటులో ఉండి తీరాలి. వాట్సాప్ నంబరు ఒక్కటే ఉంటే అది దుకాణం కాదు.

అపోహ: క్యాష్ ఆన్ డెలివరీ అయితే భయం లేదు

చాలా చోట్ల డబ్బు ఇచ్చాకే కవరు విప్పనిస్తారు. రుమాలు వచ్చినా నగదు పోయినట్టే, చార్జ్‌బ్యాక్ వేయడానికి కార్డు పద్దు కూడా ఉండదు. ఆ లెక్కన కొత్త సైటుకు క్రెడిట్ కార్డే నయం. ఇంట్లో ఎవరూ ఆర్డరు చేయని పార్శిల్ వస్తే, పిల్లలు చేశారేమోనని పెద్దవాళ్లు డబ్బు కట్టేస్తుంటారు. అడగకుండా తీసుకోవద్దని ఇంట్లో చెప్పి పెట్టండి.

అపోహ: గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే డబ్బు తిప్పిస్తారు

ఉన్నదీ పోయే దారి ఇదే. స్క్రీన్ షేర్ చేయమన్నా, ఏపీకే ఫైలు (ఫోనులో నేరుగా యాప్ ఎక్కించే ఫైలు) వేసుకోమన్నా, డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నా ఫోను పెట్టేయండి. డబ్బు పంపడానికే పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు. 1930 వాళ్లు ఫీజు అడగరు. బ్యాంకు నంబరు కార్డు వెనక ఉంటుంది, లేదా అడ్రసు చివర బ్యాంక్ డాట్ ఇన్ అని ఉన్న సైటులో ఉంటుంది.

అపోహ: బ్యాంకు కాదంటే కథ అయిపోయింది

ముందు తిరస్కరణ కారణం రాతలో తీసుకోండి. ‘ఓటీపీతో జరిగింది’ అని ఉంటే మీ కేసును తప్పు గడిలో వేశారన్నమాట. ‘సరుకు రాని కారణం కింద మళ్లీ పరిశీలించండి’ అని 120 రోజుల్లోపు తిరిగి ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు లేకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు ఓంబుడ్స్‌మన్ ఉన్నారు, రుసుము లేదు. సమాచారానికి 14448, అక్కడ తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు. ఓంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు తప్పునే. చీర అమ్మినవాడి సంగతి ఆయనకు పట్టదు.

అమ్మినవాడికి నిజమైన చిరునామా ఉంటేనే వినియోగదారుల కమిషన్ దారి. జాతీయ హెల్ప్‌లైన్ 1915లో తెలుగులో చెప్పుకోవచ్చు. కేసు మీరు ఉండే జిల్లాలోనే రెండేళ్లలోపు వేయవచ్చు, అయిదు లక్షల వరకు కోర్టు ఫీజు లేదు. చిరునామా దొంగదైతే నోటీసు తిరిగి వస్తుంది, 899 కోసం ఆ తిరుగుడు గిట్టదు. అలాంటప్పుడు మీ బలమంతా ఆ చార్జ్‌బ్యాక్ ఫారంలోనే. ఫారం ఇచ్చేటప్పుడు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి, ఆన్‌లైన్‌లో పెడితే ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. 30 రోజులు, 120 రోజులు లెక్కపెట్టాల్సి వస్తే ఆ తేదీలే చూపించాలి.