పంటి మీద తెల్లమచ్చలు ఎందుకు పడతాయి?

పంటి మీద తెల్లమచ్చ కనిపించగానే చాలామంది బ్రష్షును అదిమిపట్టి రుద్దుతారు. ఉప్పు, నిమ్మరసం, బొగ్గుపొడి కూడా వాడి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రుద్దితే పోవడానికి అది పైన అంటిన మరక కాదు.

పంటి పైపొర ఎనామిల్‌ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ఆ స్ఫటికాలు ఒత్తుగా ఉన్నంతవరకు వెలుగు లోపలికి సాఫీగా ప్రసరిస్తుంది. ఖనిజం తగ్గిన చోట కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు ఏర్పడి, వాటిలో నీరు, గాలి చేరతాయి. వెలుగును ఒక పదార్థం ఎంతగా వంచుతుందో చెప్పే సంఖ్యే వక్రీభవన గుణకం. ఎనామిల్‌కు అది సుమారు 1.62, నీటిది 1.33, గాలిది 1. ఈ తేడాల వల్ల వెలుగు అడుగడుగునా చెదిరి తెల్లగా కనిపిస్తుంది. గాజును పొడి చేస్తే తెల్లబడేదీ ఇందుకే. దంతవైద్యులు పంటిని గాలితో ఆరబెట్టి చూసేదీ ఇందుకే. ఆరితేనే కనిపించే మచ్చ సాధారణంగా తొలిదశది, తడిలోనూ కనిపించేది లోతుగా దిగినది.

అయితే ఖనిజం ఎప్పుడు తగ్గింది? చికిత్స అంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడుతుంది.

పన్ను చిగురు లోపల తయారవుతుండగానే తగ్గి ఉండవచ్చు. పాలపంటికి దెబ్బ తగిలినా, చీము పట్టినా కింది శాశ్వత దంతం మచ్చతో మొలుస్తుంది. ఇక తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ సంగతి నల్లగొండ, ప్రకాశం జిల్లాల వారికి ఒకరు చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ వ్యాధిపై 1937లోనే పరిశోధన పత్రం వెలువడింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. ఇన్నేళ్ల తర్వాతా అక్కడ మచ్చల పళ్లతో పిల్లలు కనిపించడం బాధాకరం. దంతాలకు ముప్పు ముఖ్యంగా మొదటి ఎనిమిదేళ్లలోనే. ఎముకలకు మాత్రం పెద్దయ్యాకా ఉంటుంది. బోరునీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై గాఢత ఇంకా పెరుగుతుంది.

మొలిచిన తర్వాత వచ్చే మచ్చకు కారణం పాచి. అందులోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లత్వం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. అది సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవారిలో వాటి చుట్టూ మచ్చలు పడేది ఇలాగే. ఇది పుచ్చుకు తొలిమెట్టు, కానీ ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. పాచి తొలగించి, తీపి తగ్గించి, ఫ్లోరైడ్ పేస్టు, దంతవైద్యులు పంటిపై పూసే ఫ్లోరైడ్ వార్నిష్ వాడితే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ మళ్లీ ఎనామిల్‌లో చేరతాయి. పసితనంలో మితిమీరి కడుపులోకి పోతే హాని చేసే ఫ్లోరైడే, పంటిపై పూస్తే ఇలా మేలు చేస్తుంది. అందుకే మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు వారికి బఠాణీగింజంత పేస్టు చాలు.

పాతబడిన మచ్చలకు రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లపు జెల్‌తో పైపొరను తెరిచి, గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పలుచని ద్రవం రెజిన్‌ను రంధ్రాల్లోకి ఇంకిస్తారు. దాని వక్రీభవన గుణకం ఎనామిల్‌కు దగ్గర కాబట్టి మచ్చ చాలావరకు కలిసిపోతుంది. డ్రిల్లింగ్ అవసరం లేదు. లోతైన ఫ్లోరోసిస్ మచ్చలకు ఇది అన్నిసార్లూ సరిపోదు. అప్పుడు పైపొరను అతి పలుచగా అరగదీసే మైక్రోఅబ్రేషన్, పంటి రంగు పదార్థంతో వేసే కాంపోజిట్ పూత ఆలోచించాలి. పంటిని అరగదీసి ముందువైపు అతికించే పలుచని తొడుగులు, అంటే వెనీర్లు, చివరి మార్గం కావాలి, ఎందుకంటే తీసేసిన ఎనామిల్ మళ్లీ పెరగదు.