పనేమీ లేదన్న ఆవిడ

బెంగళూరు,
ఆదివారం పొద్దున.

బుజ్జీ, చిన్నా,

కృష్ణరాజపురం స్టేషన్లో రైలు కదలబోతుంటే కిటికీలోంచి చిన్నా అడిగిన ప్రశ్నకి సగం జవాబే చెప్పగలిగాను. మారతహళ్ళిలో మనం చూసిన పీజీ హాస్టళ్ళ నిండా ఉద్యోగాలు వెతుక్కునే అన్నయ్యలే కదా, మరి టీవీలో నిరుద్యోగం ఐదు శాతమేనంటారేంటి, అబద్ధం చెప్తున్నారా అని అడిగావు. అబద్ధం కాదు నాన్నా. అయితే ఆ ఐదు ఏ ప్రశ్న అడిగితే వచ్చిందో తెలిస్తేగానీ దాన్ని ఎలా చదవాలో తెలియదు. నేను సర్వే ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి అడిగింది ఆ ప్రశ్నలే కాబట్టి, మిగతా సగం ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఐదు శాతం అంటే దేంట్లో ఐదో చూడండి. మన వీధిలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళు వంద మంది ఉన్నారనుకోండి. అందులో 52 మందికి ఏదో ఒక పని ఉంది. ముగ్గురు పని కావాలని తిరుగుతున్నారు. మిగిలిన 45 మంది చదువుకునేవాళ్ళు, ఇంటిపని చూసుకునేవాళ్ళు, ముసలివాళ్ళు. వీళ్ళు పని అడగడం లేదు కాబట్టి నిరుద్యోగం లెక్కలోకి రారు. పని ఉన్నవాళ్ళనూ వెతుకుతున్నవాళ్ళనూ కలిపితే 55, ఇదే శ్రామిక శక్తి. నిరుద్యోగం రేటంటే ఆ 55లో ముగ్గురు, అంటే ఐదున్నర శాతం. వెతికి వెతికి విసిగిపోయి ఇక పనే వద్దనుకున్నవాడు కూడా ఆ 45లోకి వెళ్ళిపోతాడు. అప్పుడు ఒక్కరికి కూడా కొత్తగా ఉద్యోగం రాకుండానే రేటు తగ్గుతుంది. అందుకే ఎవరైనా నిరుద్యోగం తగ్గిందంటే, శ్రామిక శక్తి ఎంతుందో కూడా చెప్పమని అడగాలి.

ఇంత పెద్ద దేశంలో అందర్నీ అడగలేం. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకు చూస్తాం కదా, సర్వే కూడా అలాంటిదే. కానీ దేశమంతా ఒకే ఎసట్లో ఉడికే అన్నం కాదు. పల్లె వేరు, పట్నం వేరు. పట్నంలోనూ వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంటు వేరు, దాని వెనక రేకుల షెడ్లు వేరు. కాబట్టి ఊళ్ళనూ పట్నం బ్లాకులనూ రకాలుగా విడదీసి, ఒక్కో రకంలోంచి కొన్నింటిని లాటరీలాగా తీస్తారు. ఆ బ్లాకులో ఇళ్ళన్నీ వరసగా రాసుకుని, వాటిలోంచి మళ్ళీ కొన్ని తీస్తారు. 1950లో మహలనోబిస్ గారి ఆలోచనతో మొదలైన జాతీయ నమూనా సర్వే పద్ధతి ఇది. ఇప్పటి సర్వే పేరు పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. 2017 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పట్లో ఏడాదికి లక్షా రెండు వేల ఇళ్ళు, 2025 నుంచి రెండు లక్షల డెబ్భై రెండు వేల ఇళ్ళు. నెలనెలా లెక్క చెప్పడం కూడా అప్పుడే మొదలుపెట్టారు. మొదటి నెల 2025 ఏప్రిల్, 5.1 శాతం.

లాటరీలో వచ్చిన ఇంటిని మనం మార్చకూడదు, అదే కష్టం. తలుపు తీయలేదని పక్కింటికి వెళ్తే లెక్క చెడిపోతుంది, ఎందుకంటే తలుపు తీసేవాళ్ళూ తీయనివాళ్ళూ ఒకేరకం మనుషులు కారు. ఒక పెద్ద అపార్ట్‌మెంటులో సెక్యూరిటీ నన్ను మూడు రోజులు గేటు దగ్గరే నిలబెట్టేశాడు. నాలుగో రోజు ఐడీ కార్డూ ఉత్తరమూ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆ ఇంటాయన ఐదు నిమిషాల్లో అన్నీ చెప్పేశాడు. నెలజీతం ఉన్నవాళ్ళ దగ్గర మా పని ఇంత సులువు. ఫారంలో నెలజీతానికి ఉన్న నంబరు, 31, వేసి వచ్చేయడమే.

ఇంకో రకం ఇళ్ళుంటాయి. మైసూరు రోడ్డు వైపు ఒక సందులో ఇల్లు, 2004-05 నాటి మాట. ఆవిడది కోలారు వైపు, తెలుగు మాట్లాడేది. గడప లోపల పీట మీద కూర్చుని ఉంది. "నువ్వేం పని చేస్తావమ్మా?" అన్నాను. "నాకేం పని లేదక్కా, ఇంట్లోనే ఉండేది" అంది. అలా అంటున్న మనిషి చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. పక్కన వెదురు పుల్లల కట్ట, ముందు చెక్క మీద బొగ్గుపొడీ జిగురుపొడీ కలిపిన ముద్ద. నాతో మాట్లాడుతూనే చిటికెడు ముద్ద పుల్లకి అంటించి, అరచేత్తో ఒక్క దొర్లు దొర్లించి, ఊదుబత్తీ పక్కన పెట్టింది. మళ్ళీ ఇంకోటి. వెయ్యి చుడితే ఇంత అని షావుకారు ఇస్తాడట. వంట, నీళ్ళు, పిల్లలు అయ్యాక మధ్యాహ్నం నాలుగు గంటలు ఇదే పని. ఏడాదిలో ఏ కొద్ది రోజులో తప్ప మానింది లేదు.

ఆమె మాటనే రాసుకుంటే 92, అంటే ఇంటిపని మాత్రమే, శ్రామిక శక్తిలో లేని మనిషి. కానీ మా ఫారంలో ఇంకో గడి ఉంది. ఎక్కువ సమయం గడిచిన పని మొదటి గడిలో, ఏడాదిలో 30 రోజులు తగ్గకుండా చేసిన రెండో పని పక్క గడిలో. రోజులో ఎక్కువ భాగం ఇంటిపనే కాబట్టి మొదటి గడిలో 92 వేశాను. రెండో గడిలో 11, అంటే సొంతంగా పని చేసుకునే మనిషి. ఆ బత్తీలు ఎండబెట్టి కట్టలు కట్టేది అత్తగారు. ఆమెకి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆమె నంబరు 21, ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయం. ఆ రెండు గడులూ నింపాలంటే ఇంకో పావుగంట కూర్చోవాలి, మళ్ళీ మళ్ళీ అడగాలి. నేను ఆ పావుగంట కూర్చోకపోతే ఇద్దరు మనుషులు దేశం లెక్కలోంచి జారిపోయేవారు. భర్త ఇంట్లో ఉన్నప్పుడు వెళ్తే "దానికేం పని" అని ఆయనే జవాబిచ్చేస్తాడు. అందుకే వీలైనంతవరకు మధ్యాహ్నాలే వెళ్ళేదాన్ని.

ఇది తెలిశాక ఈ రెండు అంకెలు చూడండి. పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్ళు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్ళలో అంత పెరుగుదల! ఎక్కువగా పల్లెల్లో, ఎక్కువగా సొంత పనుల్లో, జీతంలేని సహాయంలో పెరిగింది. కొందరు ఆడవాళ్ళకి అవకాశాలు పెరిగాయంటారు, కొందరు ఇల్లు గడవక దిగారంటారు, ఇంకొందరు ఇప్పుడు బాగా అడిగి రాస్తున్నారంటారు. నాకు మూడూ కొంత కొంత నిజమే అనిపిస్తుంది. కానీ 21 అని రాసిన ప్రతి మనిషినీ "ఉద్యోగం వచ్చింది" అని చదివితే మాత్రం నేను ఒప్పుకోను.

ఇక మీరు చూసిన కూలీల అడ్డా సంగతి. ఆదోని నుంచి వచ్చిన ఆ బేల్దారి మనతో ఏమన్నాడు? వారంలో మూడు రోజులే పని దొరికిందని. పైన చెప్పిన రెండు గడులూ ఏడాది లెక్క. ఇంకొకటి వారం లెక్క. అందులో, గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే. టీవీలో నెలనెలా చెప్పేది ఈ లెక్కే. అన్యాయంగా అనిపిస్తుంది కదా? ఈ గంట నియమం చాలా దేశాల్లో ఉంది. చిన్నాచితకా పని కూడా వదలకుండా పట్టుకోవాలని పెట్టారు. పని ఉందా లేదా అన్నది అది చెప్తుంది. చాలినంత ఉందా అన్నది చెప్పదు. అందుకు పాత పెద్ద సర్వేల్లో ఒక్కో రోజునూ రెండు పూటలుగా విడదీసి రాసే రోజువారీ లెక్క ఇంకొకటి ఉండేది. అందులో ఆ మేస్త్రీకి మూడు రోజులు పని, నాలుగు రోజులు నిరుద్యోగం. మన దేశంలో నిరుద్యోగాన్ని ఒక్క అంకెలో పెట్టడం కుదరదని దంత్వాలా కమిటీ 1970లోనే చెప్పింది. అది చెప్పిన దారిలోనే 1972-73 నుంచి ఐదేళ్ళకోసారి పెద్ద సర్వేలు జరిగాయి. ఏడాది లెక్క, వారం లెక్క, రోజు లెక్క అప్పటినుంచి పక్కపక్కనే నడిచాయి. 2023-24లో ఏడాది లెక్కన నిరుద్యోగం 3.2 శాతం, వారం లెక్కన 4.9. అవే ఇళ్ళు, అవే మనుషులు.

చిన్నా, ఇప్పుడు నీ పీజీ అన్నయ్యలు. హాస్టల్లో ఉండే ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఇల్లుగా లెక్కవేస్తారు. ఆర్నెల్లు దాటి ఇక్కడే ఉంటున్నవాడిని ఒంగోలులో వాళ్ళమ్మ తన ఇంట్లో చెప్పకూడదు. ఏడాదంతా కోర్సులోనే ఉంటే ఏడాది లెక్కలో వాడు విద్యార్థి. ఆ వారం ఎక్కడైనా అప్లై చేసి ఉంటే వారం లెక్కలో నిరుద్యోగి. శనివారం రాత్రి బండి మీద పార్సిళ్ళు అందించి ఉంటే అదే వారం లెక్కలో పని ఉన్నవాడు. మీరు చూసింది కూడా నిజమే. ఆ 3.2 అన్న ఏడాదే, 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళని విడిగా తీస్తే 10.2 శాతం. చదువుకుని, ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళు డబ్బులు పంపగలిగినవాళ్ళే ఉద్యోగం కోసం ఎదురుచూడగలరు. బత్తీలు చుట్టే ఆవిడకి ఖాళీగా ఉండే స్తోమత లేదు. మారతహళ్ళిలో నువ్వు నిలబడింది ఆ ఎదురుచూసేవాళ్ళ మధ్యనే.

లాక్‌డౌన్ రోజులు మీకు గుర్తుండవు. 2020 ఏప్రిల్-జూన్‌లో పట్నాల్లో నిరుద్యోగం దాదాపు 21 శాతానికి పోయింది. అంతకుముందు మూడు నెలల్లో అది 9 దగ్గర ఉంది. ఆ అడ్డా అప్పుడు బోసిపోయింది. నడిచి ఊళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళు గుర్తొస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మీకో పని అప్పజెప్తాను. మీ నాయనమ్మగారు పొద్దున్నే లేచి గేదెలకి కుడితి పెట్టి, పేడ తీసి, పాలు పితుకుతారు కదా. పాల డెయిరీ పుస్తకం మాత్రం తాతగారి పేరు మీదుంటుంది. ముందు ఒక్కసారే "నాయనమ్మా, నువ్వేం పని చేస్తావు?" అని అడిగి, ఏమంటారో అలాగే రాసుకోండి. మర్నాడు పక్కన కూర్చుని నిన్న పొద్దున్నించి రాత్రి దాకా ఏమేం చేశారో గంట గంటకీ అడగండి. రెండు కాగితాలూ నాకు పోస్టులో పంపండి. వదినగారిని అడిగానని చెప్పండి, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో కూడా కనుక్కోండి.

ప్రేమతో,
అమ్మమ్మ